సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ తిరగదు: పాత బళ్లలో స్ప్రాగ్ బేరింగ్ ఎందుకు జారుతుంది

క్లుప్తంగా: పాత మోటార్‌సైకిళ్లలో సెల్ఫ్ మోటార్ బలాన్ని క్రాంక్‌కు అందించే వన్‌వే బేరింగ్ (షెడ్డుల్లో 'స్ప్రాగ్' అనేది దీన్నే) మామూలు అరుగుదల వల్ల పోయేది తక్కువ, జారడం వల్లా ఎదురుదెబ్బ (ఇంజిన్ వెనక్కి తన్నడం) వల్లా పోయేది ఎక్కువ. జారుడుకు కారణం చాలావరకు నూనెలోనో, రేసు (బేరింగ్ ఆనే ఉక్కు వలయం) ఉపరితలంలోనో దొరుకుతుంది. ఎదురుదెబ్బకు కారణం బ్యాటరీలోనో, ఇగ్నిషన్ టైమింగ్‌లోనో ఉంటుంది. దాన్ని వదిలేసి బేరింగ్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది.

బటన్ నొక్కితే సెల్ఫ్ మోటార్ గుయ్‌మని తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం కదలదు. లేదా రెండు మూడుసార్లు జారిపోయి నాలుగోసారి ఎలాగో పట్టుకుంటుంది. సెల్ఫ్ ఉన్న పాత బుల్లెట్ ఎలక్ట్రా నడిపేవాళ్లకూ, 2009లో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉన్నది) క్లాసిక్‌లు ఇంకా దాచుకున్నవాళ్లకూ, ఇంగ్లాండులో 1975 నాటి నార్టన్ కమాండో బాగుచేసుకునేవాళ్లకూ ఈ శబ్దం బాగా పరిచయం. షెడ్డుకు తీసుకెళితే 'స్ప్రాగ్ పోయింది' అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. అది ఎందుకు పోయిందో అడిగే అలవాటు మాత్రం తక్కువ, అందుకే ఏడాది తిరక్కుండా అదే బండి అదే షెడ్డుకు మళ్లీ వస్తుంది.

సైకిల్ ఫ్రీవీల్ చేసే పనే

సైకిల్ తొక్కుతున్నంతసేపు పెడల్ చక్రాన్ని తిప్పుతుంది, తొక్కడం ఆపితే చక్రం తన పాటికి తాను తిరుగుతుంది. సెల్ఫ్ దగ్గర వన్‌వే బేరింగ్, అంటే వన్‌వే క్లచ్, చేసేది కూడా ఇదే. మోటార్ నుంచి రెండు మూడు గేర్ల మీదుగా వేగం తగ్గి, బలం పెరిగి, చివరికి క్రాంక్ మీద ఉన్న పెద్ద గేరుకు చేరుతుంది. ఆ గేరు బాస్‌కూ (గేరు మధ్యలో ఉబ్బెత్తు భాగం) క్రాంక్‌తో తిరిగే మ్యాగ్నెట్ రోటర్‌కూ మధ్య ఈ క్లచ్ కూర్చుంటుంది. ఇంజిన్ అంటుకోగానే క్రాంక్ వేగం గేరు వేగాన్ని దాటిపోతుంది, అప్పుడు పట్టు వదిలెయ్యాలి. వదలకపోతే ఇంజిన్ తిరిగి సెల్ఫ్ మోటార్‌నే తిప్పేస్తుంది, అంత వేగం ఆ మోటార్ తట్టుకోలేదు.

సైకిల్ ఫ్రీవీల్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. సైకిల్‌లో చిన్న నాలుకలు పళ్లలో దిగి పట్టుకుంటాయి, ఆ కటకట శబ్దం వాటిదే. స్ప్రాగ్ క్లచ్‌లో పళ్లు లేవు, నాలుకలు లేవు. నున్నటి ఉక్కు రేసు మీద నున్నటి ఉక్కు ముక్క ఒరుసుకుని పట్టుకోవాలి, అదీ నూనెలో మునిగి ఉండి. తలుపు కింద చెక్కచీల దూర్చినట్టు, ఎంత నెడితే అంత బిగుసుకోవాలి. ఈ బేరింగ్ కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి. మిగతా బేరింగులన్నీ జారడానికి పుట్టాయి, ఇది ఒక దిక్కుకు జారాలి, రెండో దిక్కుకు అస్సలు జారకూడదు.

రోలర్ల రకం, స్ప్రాగ్‌ల రకం

పాత బళ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది హోండా సీబీ750లో వాడిన రోలర్ రకం. 1969లో వచ్చిన ఆ బండిలో రోటర్ వెనక ఒక గుండ్రటి హౌసింగ్, అందులో వాలుగా కోసిన మూడు గాళ్లు, ఒక్కో గాడిలో ఒక రోలర్, దాన్ని ఇరుకు వైపుకు నెట్టే చిన్న స్ప్రింగు. సెల్ఫ్ గేరు తిరగగానే రోలర్లు ఇరుకు మూలకు చేరి బిగుసుకుంటాయి. ఇంజిన్ వేగం అందుకోగానే వెడల్పు వైపుకు జరిగిపోతాయి. తయారీ సులువు, రిపేరు చవక: రోలర్లు, స్ప్రింగులు, వాటి టోపీలు విడివిడిగా మార్చుకోవచ్చు. లోపమేమిటంటే బరువంతా మూడు చోట్లే పడుతుంది, కాబట్టి గేరు బాస్ మీద మెల్లగా గుంటలు పడతాయి, రోలర్ ఒక పక్క చదునవుతుంది. ఇంకోటి, డెబ్బైలు ఎనభైల నాటి జపాన్ బళ్లలో ఈ హౌసింగ్‌ను రోటర్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులవడం మామూలు. అప్పుడు జారుతున్నట్టు అనిపించేది నిజానికి జారుడు కాదు, హౌసింగే ఊగుతోంది. రోలర్లు కొనేముందు ఆ బోల్టులు చూడటం దండగ కాదు.

రెండోది స్ప్రాగ్ రకం. ఇందులో రెండు రేసులూ మామూలు వలయాలే, వాలు గాళ్లు లేవు. వాలు అంతా మధ్యలో ఉన్న స్ప్రాగ్ ఆకారంలోనే దాగి ఉంది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే దాదాపు ఎనిమిది అంకె నడుము నొక్కినట్టు ఉంటుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే రేసుల మధ్య ఖాళీ కంటే కొంచెం ఎక్కువ, రెండో జత మూలల మధ్య కొలిస్తే కొంచెం తక్కువ. ఒక వైపుకు తిప్పితే లేచి నిలబడి బిగుసుకుంటుంది, రెండో వైపుకు తిప్పితే పడుకుంటుంది. ఇలాంటివి పది పన్నెండు నుంచి పాతిక దాకా ఒకే కేజ్‌లో (వాటిని పట్టి ఉంచే చట్రం), ఒకే రిబ్బన్ స్ప్రింగు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి బరువు అన్నింటికీ పంచబడుతుంది. అదే కొలతలో రోలర్ రకం కంటే ఎక్కువ టార్క్ (తిప్పే బలం) మోస్తుంది. బుల్లెట్‌లోనూ నార్టన్ కమాండో మార్క్ 3లోనూ ఉన్నది ఈ రకమే. ఇక్కడ మాత్రం విడి ముక్కలు మార్చే వీలు లేదు, కేజ్ మొత్తం మార్చాలి.

పట్టు వెనక ఉన్న చిన్న లెక్క

స్ప్రాగ్ పట్టుకోవాలంటే ఒక షరతు ఉంది. అది రేసును తాకే కోణం చిన్నదిగా ఉండాలి, ఆ కోణపు టాంజెంట్ విలువ ఉక్కుకూ ఉక్కుకూ మధ్య ఉన్న ఘర్షణ గుణకం కంటే తక్కువ కావాలి. కోణం 3 డిగ్రీలైతే టాంజెంట్ 0.052. 5 డిగ్రీలైతే 0.087. మామూలు ఇంజిన్ ఆయిల్ పూసిన ఉక్కు మీద, నూనె పొర నలిగి లోహం దాదాపు తగిలే స్థితిలో, ఘర్షణ గుణకం సుమారు 0.1. అంటే చేతిలో మిగిలే వెసులుబాటు పెద్దదేమీ కాదు.

ఈ లెక్క ఒకసారి అర్థమైతే సగం అనుమానాలు తీరిపోతాయి. రేసు అరిగి ఖాళీ పెరిగిన కొద్దీ స్ప్రాగ్ ఇంకా లేచి నిలబడాల్సి వస్తుంది, కోణం మారుతుంది, ఒక హద్దు దాటాక అది పూర్తిగా అవతలికి దొర్లిపోతుంది. అలా దొర్లిన స్ప్రాగ్ మళ్లీ తన చోటుకు రాదు. మరోవైపు రేసు ఎంత బాగున్నా, నూనె వల్ల ఘర్షణ గుణకం 0.05 దగ్గరికి పడిపోతే స్ప్రాగ్ బిగుసుకునే అవకాశమే పోతుంది. అప్పుడు భాగాలన్నీ కొత్తవైనా సెల్ఫ్ గుయ్‌మంటూనే ఉంటుంది.

నూనె: ఎక్కువ జారేది మంచిది కాదు

ఖరీదైన నూనె పోస్తే ఇంజిన్‌కు మేలు అన్న నమ్మకం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఈ మధ్య కార్ల నూనెల్లో ఇంధనం ఆదా కోసం ఘర్షణ తగ్గించే పదార్థాలు కలుపుతున్నారు. అవి లోహం మీద పల్చటి జారుడు పొరగా పేరుకుంటాయి. పిస్టన్‌కు అది మంచిదే. బండిలోని తడి క్లచ్ ప్లేట్లకు మంచిది కాదు, స్ప్రాగ్‌కు ఇంకా మంచిది కాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్, గ్రాఫైట్ కలిపిన నూనెలు వాడొద్దని వన్‌వే క్లచ్‌లు తయారుచేసే కంపెనీలే తమ సూచనల్లో రాస్తాయి. పైన పోసే 'ఇంజిన్ ట్రీట్‌మెంట్' సీసాల విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి.

మోటార్‌సైకిల్ నూనె డబ్బా మీద జాసో అనే జపాన్ ప్రమాణం అక్షరాలు చూడటం అందుకే ముఖ్యం. ఆ ప్రమాణం 1998లో వచ్చింది. ఎంఏ, ఎంఏ2 అంటే ఘర్షణ తగినంత ఉన్నవి, ఎంఏ2లో ఇంకాస్త ఎక్కువ. ఎంబీ అంటే ఘర్షణ తక్కువ, పొడి క్లచ్ ఉన్న స్కూటర్ల కోసం. ఈ పరీక్ష చేసేది క్లచ్ ప్లేట్ల మీద గానీ స్ప్రాగ్ మీద కాదు, కాబట్టి ఎంఏ2 అని ఉన్నంత మాత్రాన స్ప్రాగ్‌కు హామీ ఇచ్చినట్టు కాదు. అయినా ఎంబీ నూనెనూ కారు నూనెనూ పక్కన పెట్టడానికి ఆ అక్షరాలు చాలు. యూసీఈ బుల్లెట్‌లకు కంపెనీ చెప్పిన నూనె 15డబ్ల్యూ50, ఏపీఐ ఎస్ఎల్, జాసో ఎంఏ. ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్, స్ప్రాగ్ అన్నీ ఆ ఒక్క నూనెనే పంచుకుంటాయి కాబట్టి, క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడి, గేర్ల నుంచి రాలిన ఉక్కు రజను కూడా స్ప్రాగ్ దాకా వస్తాయి. పక్కనే మ్యాగ్నెట్ ఉంది, ఉక్కు రజను అక్కడికే చేరుతుంది. నూనె మార్చే గడువు దాటేస్తే ముందుగా దెబ్బ తినే భాగాల్లో స్ప్రాగ్ ఒకటి కావడంలో ఆశ్చర్యం లేదు.

యూసీఈకి ముందు తరం బుల్లెట్‌లలో పరిస్థితి వేరు. అక్కడ స్ప్రాగ్ ఉండేది ప్రైమరీ చైన్ కేసులో, దాని నూనె ఇంజిన్ నూనెతో కలవదు. ఇంజిన్ ఆయిల్ క్రమం తప్పక మార్చేవాళ్లు కూడా ప్రైమరీ కేసు నూనెను ఏళ్ల తరబడి తాకరు. నీటి చెమ్మ చేరి, క్లచ్ పొడి కలిసి అది నల్లటి ముద్దగా మారితే స్ప్రాగ్‌ల కదలిక మందగిస్తుంది. ఒక్కో స్ప్రాగ్ ఒక్కో సమయానికి లేస్తుంది, ముందు లేచిన రెండు మూడింటి మీదే బరువంతా పడుతుంది. ఆ కేసు విప్పి కడిగి కొత్త నూనె పోస్తే కొన్ని బళ్లలో జారుడు దానంతట అదే ఆగిపోతుంది, బేరింగ్‌కు డబ్బు పెట్టే ముందు చేసి చూడాల్సిన పని ఇది.

చిక్కదనం సంగతి కూడా ఉంది. చలికాలం తెల్లవారుజామున, లంబసింగి లాంటి చోట, చిక్కటి నూనె రేసుకూ స్ప్రాగ్‌కూ మధ్య నుంచి త్వరగా నలిగి బయటికి పోదు. మొదటి రెండు ప్రయత్నాలు జారి, ఇంజిన్ కాస్త వేడెక్కాక మామూలుగా పట్టుకుంటే తప్పు స్ప్రాగ్‌ది కాకపోవచ్చు. దీనికి తిరగబడ్డ లక్షణం కూడా కనిపిస్తుంది: చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టి, బండి వేడెక్కాక జారితే రేసు అరుగుదలనో స్ప్రింగు నీరసాన్నో అనుమానించాలి.

గ్రీజు ప్యాక్ చేయడం ఒక తప్పుడు అలవాటు. నూనెలో మునిగే స్ప్రాగ్‌కు బిగించేటప్పుడు శుభ్రమైన ఇంజిన్ ఆయిలే పూయాలి. గ్రీజు చిక్కబడి స్ప్రాగ్‌లను పడుకున్న చోటే పట్టేస్తుంది. మినహాయింపు బీఎండబ్ల్యూ ఆర్75/5 లాంటి బళ్లు. 1969లో వచ్చిన ఆ వరసలో కారులో లాగా సెల్ఫ్ మోటార్ పినియన్ (చిన్న గేరు) ముందుకు జరిగి ఫ్లైవీల్ పళ్లను పట్టుకుంటుంది, వన్‌వే క్లచ్ ఆ పినియన్ లోపలే మూసి ఉంటుంది. దాని గ్రీజు తయారీలోనే పెట్టేశారు. ఆ పినియన్‌ను పెట్రోల్‌లోనో కిరసనాయిల్‌లోనో ముంచి కడిగితే లోపలి గ్రీజు కరిగి బయటికి వచ్చేస్తుంది, పైకి తళతళలాడుతూ ఉన్నా దాని ఆయుష్షు అక్కడితో సరి. గుడ్డతో తుడవడమే దానికి సరైన శుభ్రత.

రివర్స్ కిక్: అసలు దెబ్బ

కిక్ కొట్టేటప్పుడు కాలు మీదికి తన్నిన బుల్లెట్ గురించి పాతవాళ్లకు చెప్పక్కర్లేదు. పిస్టన్ పైకి వస్తుండగానే మిశ్రమం మండి, దాన్ని వెనక్కి తోసేస్తే క్రాంక్ ఉల్టా తిరుగుతుంది. కాలు పెట్టినప్పుడు ఆ దెబ్బ కాలికి తగిలేది. సెల్ఫ్ కొట్టినప్పుడు స్ప్రాగ్‌కు తగులుతుంది.

క్రాంక్ ఉల్టా తిరిగినప్పుడు వన్‌వే క్లచ్ వదలదు, ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. ఎందుకంటే క్లచ్ దృష్టిలో గేరు ముందుకు తిరిగినా, క్రాంక్ వెనక్కి తిరిగినా ఒకటే. ముందుకు తిరుగుతున్న సెల్ఫ్ మోటార్‌ను ఇంజిన్ ఒక్క క్షణంలో ఆపి వెనక్కి తిప్పాలి. మోటార్ ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) చూడటానికి చిన్నదే, కానీ గేర్ల నిష్పత్తి మధ్యలో ఉంది. క్రాంక్ వైపు నుంచి చూస్తే ఆర్మేచర్ జడత్వం ఆ నిష్పత్తి వర్గమంత పెరుగుతుంది. నిష్పత్తి 15కు 1 అనుకుంటే 225 రెట్లు. అంటే క్రాంక్‌కు ఉన్నట్టుండి ఇంకో ఫ్లైవీల్ ఎదురొచ్చి గుద్దినట్టు, ఆ రెండింటి నడుమ నలిగేది స్ప్రాగ్. కేజ్ విరగడం, రిబ్బన్ స్ప్రింగు తెగడం, రేసు మీద గీతల్లాంటి గుంటలు పడటం చాలావరకు ఇలాంటి ఒకటి రెండు దెబ్బల ఫలితమే.

70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు ఉన్న 346 సీసీ బుల్లెట్ సింగిల్ సిలిండర్‌లో ఇది ఎక్కువ కావడానికి కారణం ఉంది. నాలుగు సిలిండర్ల హోండాలో ఒకదాని కంప్రెషన్‌ను ఇంకోటి దాటిస్తుంది, క్రాంక్ వేగం పెద్దగా ఎగుడుదిగుడు కాదు. సింగిల్‌లో ఒకే పెద్ద గుట్ట ఎక్కాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే పిస్టన్ ఆ గుట్ట కొసదాకా వచ్చి నిలిచిపోతుంది, సరిగ్గా అప్పుడే ప్లగ్ మెరుస్తుంది. అందుకే స్ప్రాగ్ చరిత్ర వెతికితే చాలాసార్లు బ్యాటరీ దగ్గర తేలుతుంది. ఆగి ఉన్న బండిలో నిండిన బ్యాటరీ 12.6 ఓల్టులకు తగ్గకూడదు, సెల్ఫ్ నొక్కినప్పుడు 10 ఓల్టుల కిందికి జారిపోతుంటే ఆ బ్యాటరీతో సెల్ఫ్ కొట్టడం స్ప్రాగ్‌ను పణంగా పెట్టడమే. లైటు వెలుగుతోంది, హారన్ మోగుతోంది కదా అనుకోవడం కుదరదు, వాటికి కావలసిన కరెంటు చాలా తక్కువ. పాయింట్లున్న పాత బళ్లలో అయితే అడ్వాన్స్ యూనిట్ (వేగాన్ని బట్టి ప్లగ్ మెరిసే సమయాన్ని ముందుకు జరిపేది) స్ప్రింగులు సాగిపోయినా, బరువులు తుప్పుపట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇదే జరుగుతుంది.

ఇంజిన్ ఆపినప్పుడు వచ్చే 'టక్' శబ్దం కూడా ఈ కుటుంబానిదే. చివరి కంప్రెషన్ దాటలేక క్రాంక్ కొంచెం వెనక్కి ఊగుతుంది, స్ప్రాగ్ బిగుసుకుంటుంది. ఇది చిన్న దెబ్బ, రోజూ తగిలేదే. కానీ ఇంజిన్ ఆగీ ఆగకముందే మళ్లీ బటన్ నొక్కితే, వెనక్కి ఊగుతున్న క్రాంక్‌కు ముందుకు పరిగెత్తే మోటార్ ఎదురుపడుతుంది. రెండు క్షణాలు ఆగి నొక్కితే పైసా ఖర్చు లేకుండా ఈ దెబ్బ తప్పుతుంది.

నార్టన్ వెతికిన దారి

1975లో 828 సీసీ కమాండో మార్క్ 3కి సెల్ఫ్ పెట్టినప్పుడు నార్టన్‌కు ఈ ప్రమాదం తెలుసు. గేర్ల వరసలో దెబ్బ ఎక్కువైతే జారిపోయే ఒక పరికరాన్ని, స్ప్రింగు వాషర్లతో బిగించి పెట్టింది. రివర్స్ కిక్ వస్తే స్ప్రాగ్ విరిగే ముందు అది జారాలి. ఆలోచన చక్కటిది, తర్వాతి కాలంలో పెద్ద సింగిల్స్ చాలావాటిలో టార్క్ లిమిటర్ పేరుతో ఇదే సూత్రం కనిపిస్తుంది. కమాండోలో ఇబ్బందల్లా మోటార్ బలం అంతంతమాత్రం కావడం. యజమానులు దాన్ని సెల్ఫ్ స్టార్ట్ అనకుండా కిక్‌కు తోడు అని పిలిచేదాకా వెళ్లింది. మోటార్ నెమ్మదిగా తిప్పితే రివర్స్ కిక్ పెరుగుతుంది, లిమిటర్ వదులైతే అదే జారుతుంది, ఆ జారుడు చూసి స్ప్రాగ్ పోయిందనుకుంటారు. లిమిటర్ ఉన్న ఏ బండిలోనైనా ముందు దాని బిగువు కొలిచాకే స్ప్రాగ్ వైపు చూడాలి.

కొత్తది కొనేటప్పుడు

కేజ్ చేతిలో పట్టుకునే ముందు అది కూర్చునే రేసులను చూడాలి. కొత్త కేజ్, పాత గుంటల రేసు కలయిక నిలవదు. గేరు బాస్ మీద గోరు గీస్తే ఎక్కడైనా తగులుకుందంటే ఆ గేరు కూడా మార్చాల్సిందే. నునుపు కోసం ఎమరీ కాగితంతో రుద్దడం రెండు రకాలుగా నష్టం: కొలత తగ్గుతుంది, పైన ఉన్న గట్టి పొర పల్చబడుతుంది. స్ప్రాగ్ ఆనే రేసు గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 60 దగ్గర ఉండాలి. అది లేని లేత ఉక్కుతో లోకల్‌గా తిప్పించిన బాస్ చూడటానికి బాగున్నా, స్ప్రాగ్‌లు దానిలో దిగబడిపోతాయి.

కేజ్ కొలతలో రాజీ కుదరదు. విడిగా అమ్మే డీసీ శ్రేణి స్ప్రాగ్ కేజ్‌లకు రెండు రేసుల మధ్య 8.33 మి.మీ. ఖాళీ కావాలి, అటూ ఇటూగా మి.మీ.లో పదో వంతు మించి తేడా వస్తే పైన చెప్పిన కోణం లెక్క చెడిపోతుంది. లోపలి కొలత సరిపోయింది కదా అని వేరే ఎత్తు స్ప్రాగ్‌లున్న కేజ్ పెట్టడం పనికిరాదు. సన్నటి గొట్టం ఆకారంలో దొరికే నీడిల్ రకం వన్‌వే బేరింగులు, ప్రింటర్లకూ చిన్న యంత్రాలకూ బాగుంటాయి, ఇంజిన్ ఎదురుదెబ్బకు అవి సరిపోవు. కొలత కుదిరిందని, ధర తక్కువని అటు వెళ్లకూడదు.

చాలామంది మరిచిపోయే భాగం ఇంకోటి ఉంది. స్ప్రాగ్ టార్క్ మోస్తుంది గానీ గేరును మధ్యలో నిలబెట్టదు. ఆ పని గేరు కింద ఉన్న నీడిల్ బేరింగ్‌దో బుష్‌దో. అది అరిగి గేరు ఊగుతుంటే ఒక పక్క స్ప్రాగ్‌లకు ఖాళీ ఎక్కువ, ఎదుటి పక్క తక్కువ, కొత్త కేజ్ కూడా ఒక పక్కే అరుగుతుంది. స్ప్రాగ్ మార్చే రోజున ఈ బుష్ కూడా చూడటం తప్పనిసరి అనుకోవాలి, ఎలాగూ కవర్ విప్పి, మ్యాగ్నెట్ లాగి ఉంటుంది.

బిగించేటప్పుడు దిక్కు తారుమారు కావడం అనుకున్నదాని కంటే ఎక్కువగా జరుగుతుంది. కేజ్ మీద బాణం గుర్తు ఉంటే దాన్ని నమ్మొచ్చు, లేకపోయినా పరీక్ష సులువే: రోటర్‌ను కదలకుండా పట్టుకుని గేరును చేత్తో తిప్పాలి, ఇంజిన్ తిరిగే దిక్కుకు వెంటనే బిగుసుకోవాలి, రెండో దిక్కుకు అడ్డు లేకుండా మెత్తగా తిరగాలి. బిగుసుకునే ముందు ఏమాత్రం జరిగినా, తిరిగేటప్పుడు గరగరమన్నా కవర్ మూయకూడదు.

2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్‌తో వచ్చిన జె సిరీస్ ఇంజిన్లలో కిక్ రాడ్డే లేదు, స్ప్రాగ్ పోతే బండి ఆగినట్టే. అంతకుముందు తరం బళ్లలో కిక్, సెల్ఫ్ రెండూ ఉన్నవి ఎన్నో. వాటిలో వారం రోజులు కదలని బండికి, చలి పొద్దున్న, మొదటి స్టార్ట్ కిక్‌తో చేసి, ఇంజిన్ వేడెక్కి బ్యాటరీ కోలుకున్నాక మిగతా రోజంతా సెల్ఫ్ వాడుకుంటే స్ప్రాగ్ మీద పడే పెద్ద దెబ్బల్లో చాలావరకు అక్కడే తప్పిపోతాయి.